పాత ఓనర్ అమెరికా వెళ్ళేలోపు ఏమేం చేయించుకోవాలి? కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఇన్సూరెన్స్

హన్మకొండ ఆడబిడ్డ:

అందరికీ నమస్తే. మేం హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం. అల్వాల్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కుదిరింది. 62 లక్షలు. రిజిస్ట్రేషన్ వచ్చే బుధవారం. ఓనర్ అంకుల్, ఆంటీ ఆ వెంటనే డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే వాళ్ళకే తెలీదు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆయనేమో "లైటు వేస్తే వెలుగుతోంది, కొళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి, బిల్లు మీద ఎవరి పేరుంటే మనకేంటి, ఫోన్‌లో కట్టేద్దాం" అంటారు. మా మామయ్యగారేమో అన్నీ మన పేరు మీదికి మారాకే పాలు పొంగించాలంటారు. నడుమ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది నేను.

గ్యాస్ హన్మకొండలో మా అత్తయ్య పేరు మీద ఉంది, రెండు సిలిండర్లు. వాటిని సామాన్ల లారీలో వేసుకొచ్చేయొచ్చా?

ఇంకో టెన్షన్ బ్యాంకుది. లోన్ సాంక్షన్ అయ్యాక ఒక అబ్బాయి కూర్చోబెట్టి "ఇన్సూరెన్స్ కంపల్సరీ మేడం, 1.6 లక్షలు, మీరు చేతి నుంచి కట్టక్కర్లేదు, లోన్‌లోనే కలిపేస్తాం" అన్నాడు. ఇల్లు కాలిపోతే డబ్బొస్తుందా అని అడిగితే "అన్నీ కవర్ అవుతాయి" అన్నాడే గానీ కాగితం చూపించలేదు. అది ఇంటికా, మనిషికా? నాకైతే అర్థం కాలేదు.

వీటిలో అంకుల్ వాళ్ళు వెళ్ళేలోపు తప్పనిసరిగా అయిపోవాల్సినవి ఏవి? తర్వాత నిదానంగా చేసుకోగలిగినవి ఏవి?

పాత లైన్‌మన్:

అమ్మా, కరెంటు సంగతి వరకు నేను చెప్తాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను.

మీ ఆయన చెప్పింది రోజువారీకి నిజమే. పాత ఓనర్ పేరు మీదే ఏళ్ళ తరబడి బిల్లు కట్టుకుంటున్న ఇళ్ళు కొల్లలు. పేరుతో పని పడేది లోడ్ పెంచుకోవాలన్నప్పుడు, సర్వీసు (అంటే కరెంటు కనెక్షన్) మీద ఏదైనా తగాదా వచ్చినప్పుడు. అప్పుడు దరఖాస్తు మీద ఆ పేరుగల మనిషి సంతకం అడుగుతారు. ఆయన డాలస్‌లో ఉంటాడు. సర్వీసు మీద ఉన్న సెక్యూరిటీ డిపాజిట్ కూడా ఆయనదే. దాన్ని మీ పేరుకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదని ఆయన రాసిస్తే పని సులువు. అందుకే ఆ సమ్మతి పత్రం, ఆధార్ జిరాక్స్ మీద సంతకం రిజిస్ట్రేషన్ రోజే తీసేసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎలాగూ గంటల కొద్దీ కూర్చోవాలి, ఆ టైములో అయిపోతుంది. తర్వాత సేల్ డీడ్ కాపీ, బాకీ లేని తాజా బిల్లు, ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత ఏదైనా నష్టమొస్తే బాధ్యత మాదేనని రాసిచ్చే పత్రం) పెట్టి కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్ కస్టమర్ సర్వీస్ సెంటర్లో గానీ ఆన్‌లైన్లో గానీ పేరు మార్పుకు అప్లై చేసుకోవచ్చు. దానికి మీనమేషాలు లెక్కపెట్టక్కర్లేదు, గృహప్రవేశం అయ్యాకైనా ఫరవాలేదు.

బాకీ విషయం మాత్రం గట్టిగా చూసుకోండి. పాత మనిషి బాకీ పాత మనిషిదే కదా అనుకుంటారు చాలామంది. నిబంధనల్లో ఉంటే పాత బాకీని కొత్త ఓనర్ దగ్గర అడగొచ్చని సుప్రీంకోర్టు 2023 మే నెలలో కేరళ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. బిల్లులో ఏసీడీ అని ఒక లైన్ ఉంటుంది, అంటే వాడకం పెరిగితే అదనంగా కట్టమనే డిపాజిట్. చాలామంది నెల బిల్లు కట్టేసి దాన్ని వదిలేస్తుంటారు. అదీ క్లియర్ అయ్యిందో లేదో చూడండి.

ఇప్పుడు అసలు పని. డబ్బు చేతులు మారకముందే మీరు సెల్లార్‌లోకి వెళ్ళి మీటర్ ప్యానెల్ చూడాలి. పాత అపార్ట్‌మెంట్లలో మీటర్ల మీద ఫ్లాట్ నంబర్లు పెయింట్‌తో రాసి ఉంటాయి. ఆ పెయింట్‌ను నమ్మకండి. బిల్లు మీద యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్ నంబరు), మీటర్ నంబరు ఉంటాయి. ఆ మీటర్ నంబరున్న పెట్టె ఏదో వెతకండి. అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని, ఆ మీటర్ తర్వాత ఉండే స్విచ్ దింపించండి. ఫ్లాట్లో ఒక మనిషిని ఫోన్ మీద ఉంచండి. ఫ్లాట్లో ఇన్వర్టర్ ఉంటే ముందే ఆపేయాలి, లేకపోతే లైట్లు వెలుగుతూనే ఉండి తికమకపడతారు. మీ ఫ్లాట్లో కరెంటు పోతే ఆ మీటర్ మీదే.

అది తేలాక రెండో పరీక్ష. స్విచ్ ఎత్తించి, ఫ్లాట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి మళ్ళీ మీటర్ దగ్గరికి రండి. ఎర్రటి చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది చూడండి, అది వాడకానికి తగ్గట్టు కొట్టుకుంటుంది. అన్నీ ఆపినా అది కొట్టుకుంటోందంటే ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీ లైన్ మీద ఇంకెవరిదో నడుస్తోంది. మెట్ల లైట్లు ఒక ఫ్లాట్ మీటర్ మీద నడిచిన చోట్లు నేనే పట్టుకున్నాను. సీళ్ళ జోలికి మాత్రం మీరు గానీ ఎలక్ట్రీషియన్ గానీ వెళ్ళొద్దు.

తాళాలు తీసుకున్న రోజు మీటర్ రీడింగ్‌ను తేదీ కనబడేలా ఫోటో తీసుకోండి. ఎందుకంటే మన దగ్గర 200 యూనిట్లు దాటగానే లెక్కే మారిపోతుంది. 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జి 820 రూపాయలైతే, 201కి 1,027 రూపాయల చిల్లర. ఒక నెలలో సగం వాళ్ళ వాడకం, సగం మీ వాడకం ఒకే బిల్లులో పడితే ఆ తేడా ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోవాలి. వాళ్ళకు ఇప్పటిదాకా ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుండి ఉంటే, అది మీకు దానంతటదే రాదు. మీ రేషన్ కార్డును ఆ సర్వీసు నంబరుతో జోడించుకోవాలి.

ఏసీలు ఎన్ని పెడుతున్నారు?

హన్మకొండ ఆడబిడ్డ:

అంకుల్, మీ మాట పట్టుకొని పొద్దున సెల్లార్‌లోకి దిగాం. 202 అని రాసి ఉన్న మీటర్ నంబరే బిల్లు మీదా ఉంది. స్విచ్ దింపితే మా ఫ్లాట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పైనున్న 302 ఆంటీ "కరెంటు పోయిందేంటి" అంటూ బాల్కనీలోంచి కేకేశారు! 302 అని రాసి ఉన్నది దింపితే మాది పోయింది. అంటే ఇన్నేళ్ళూ వాళ్ళ బిల్లు వీళ్ళు, వీళ్ళ బిల్లు వాళ్ళు కడుతున్నట్టేనా? మాకు రెండు ఏసీలు, ఒక గీజర్ ఉంటాయి. 302 వాళ్ళకు ఇప్పటికే రెండు ఏసీలున్నాయి. ఓనర్ అంకుల్ వాళ్ళకు ఒక్కటీ లేదు.

ఏజెన్సీలో పనిచేసిన అక్క:

మీటర్ గోల పెద్దాయన చూసుకుంటారు గానీ, గ్యాస్ సంగతి నేను చెప్తా. పెళ్ళికి ముందు గ్యాస్ ఏజెన్సీ కౌంటర్లో పనిచేశాను.

సిలిండర్లు లారీలో ఎక్కించకండి చెల్లీ. ఒకే ఊళ్ళో ఏజెన్సీ మారితే సిలిండర్, రెగ్యులేటర్ ఇవ్వక్కర్లేదు, ఆన్‌లైన్లో ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది. హన్మకొండ నుంచి హైదరాబాద్ అంటే ఊరు మారుతున్నట్టు. అక్కడి ఏజెన్సీలో రెండు సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ ఇస్తారు. దాన్ని ఇక్కడి ఏజెన్సీలో చూపించి డిపాజిట్ కడితే మళ్ళీ సిలిండర్, రెగ్యులేటర్, కొత్త ఎస్‌వీ కాగితం (కనెక్షన్ మీదేనని ఏజెన్సీ ఇచ్చే రసీదు) వస్తాయి. స్టవ్ మీదే, తెచ్చేసుకోండి. పాత ఎస్‌వీ కాగితం ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. అది ఎప్పుడూ దేవుడి గూటిలోనో బట్టల బీరువా అడుగునో ఉంటుంది, సమయానికి దొరకదు. అత్తయ్యగారి పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ ఆధార్ ఈకేవైసీ అయ్యిందో లేదో కూడా చూసుకోండి.

కొత్త సిలిండర్ వచ్చేలోపు గృహప్రవేశం పడితే, 5 కిలోల చిన్న సిలిండర్ అమ్ముతారు. దానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. పాలు పొంగించడానికి, పులిహోర తాలింపుకు అది బోలెడు.

మీవారికి ఒక్కటి చెప్పండి. వంటగ్యాస్ ప్రమాదాలకు ఆయిల్ కంపెనీలే ఇన్సూరెన్స్ కట్టి ఉంచుతాయి, మనం ఒక్క పైసా కట్టక్కర్లేదు. మనిషి చనిపోతే 6 లక్షల దాకా, గాయాలైతే వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా ఇస్తారు. ఆస్తి నష్టానికీ ప్రమాదానికి 2 లక్షల వరకు ఉంది, కానీ అది కనెక్షన్ రిజిస్టరై ఉన్న అడ్రసులో జరిగితేనే. హన్మకొండ అడ్రసు మీదున్న సిలిండర్ అల్వాల్ వంటింట్లో పేలితే ఆ 2 లక్షల మాట మర్చిపోవాల్సిందే. పేరెవరిదైతే ఏంటి అనడం ఇక్కడ చెల్లదు.

రబ్బరు ట్యూబు కూడా మార్చేయండి. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న సురక్ష పైపైనా సరే, దాని మీద తేదీ ఉంటుంది, ఐదేళ్ళే. వాసన వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు 1906. ఫ్రిజ్ మీద కాదు, వంటగది బయట ఎక్కడైనా రాసి పెట్టుకోండి. గ్యాస్ కొడుతుంటే వంటింట్లోకి వెళ్ళి నంబరు వెతుక్కోవడమేంటి చెప్పండి!

బెజవాడ సర్వేయర్:

నేను ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సర్వేయర్ని, పాలసీలు అమ్మను. బ్యాంకులో మీకు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది ఇంటికి కాదు, మనిషికి. లోన్ తీసుకున్నాయన పోతే మిగిలిన అప్పు తీరుతుంది, అంతే. గోడలు కాలినా కూలినా దాంతో సంబంధం లేదు. అలాంటి పాలసీ చెడ్డదని అనను, ఇంట్లో సంపాదించే మనిషి ఒక్కరే అయితే ఏదో ఒక రక్షణ ఉండాల్సిందే. కానీ లెక్క చూడండి. 1.6 లక్షలు లోన్‌లో కలిపి, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళు కడితే ఈఎంఐలో దాని వాటా నెలకు 1,390 రూపాయలు. మొత్తం 3.33 లక్షలు అవుతుంది. అదే మీవారి పేరున విడిగా టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా) ఎంతకొస్తుందో కనుక్కొని రెండూ పక్కపక్కన పెట్టుకోండి. వ్యక్తిగత జీవిత బీమాకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఫలానా కంపెనీ దగ్గరే కొనాలని బ్యాంకు పట్టుబట్టకూడదు. "కంపల్సరీ అని రాసివ్వండి" అని మెయిల్ పెట్టి చూడండి, స్వరం మారుతుంది. ఒకవేళ సంతకం పెట్టేశారనుకోండి, జీవిత బీమా పాలసీ చేతికి అందాక 30 రోజుల్లోపు వద్దని తిప్పి పంపే హక్కుంది.

ఇంటికి కావాల్సింది వేరే. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే రకం షరతులతో ఇస్తున్నాయి. ఇక్కడే అందరూ తికమకపడతారు. ఫ్లాట్ 62 లక్షలు కదా అని 62 లక్షలకు చేయించబోతారు. అందులో స్థలం విలువ, ఏరియా విలువ కలిసి ఉన్నాయి. స్థలం కాలిపోదు. కార్పెట్ ఏరియాను, ఈ రోజు అంత కట్టడానికయ్యే ఖర్చుతో గుణించాలి. 950 చదరపు అడుగులు, అడుగుకు 2,500 వేసుకుంటే 23.75 లక్షలు. దానికి చేయిస్తే చాలు. బిల్డింగ్‌కు తీసుకుంటే అందులో 20 శాతం, గరిష్టంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. మీ లెక్కలో అది 4.75 లక్షలు. బంగారం అందులోకి రాదు, దానికి విలువ కట్టించి వేరేగా చేర్పించాలి. దొంగతనం కూడా మామూలుగా రాదు. అగ్ని ప్రమాదమో వరదో జరిగాక ఏడు రోజుల్లోపు సామాను పోతేనే దీని కింద చూస్తారు. ఊరికే తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే వేరే పాలసీ ఉండాలి.

షార్ట్ సర్క్యూట్‌తో టీవీ ఒక్కటే మాడిపోతే ఆ టీవీకి డబ్బు రాదు. ఆ మంట కర్టెన్‌కు, సోఫాకు అంటుకుంటే సోఫాకు వస్తుంది. వినడానికి వింతగా ఉంటుంది, షరతు అదే.

2024 సెప్టెంబరులో బుడమేరు మా సింగ్‌నగర్, పాయకాపురం మీద పడినప్పుడు తిరిగాను. బండ్లకు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు బోలెడుమంది, ఇంటికి ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాళ్ళలోనూ కొందరు నేను వెళ్ళేసరికే బురద పట్టిన ఫ్రిజ్‌ను, పరుపులను పాత సామాన్ల బండికి ఇచ్చేశారు. కంపు భరించలేక ఇచ్చేశారు, వాళ్ళ తప్పనను. కానీ చూడనిదాన్ని నేనేం రాయాలి? ఒకావిడ మాత్రం ఫ్రిజ్ తలుపు లోపల సీరియల్ నంబరున్న స్టిక్కర్‌ను, గోడ మీద నీళ్ళు నిలిచిన మట్టి గీతను, ఆ గీత పక్కన టేపు పెట్టి ఎత్తును ఫోటోలు తీసి ఉంచింది. బిల్లులన్నీ నీళ్ళలో నానిపోయాయి. అయినా ఆ ఫోటోలతో రిపోర్టు రాయడానికి నాకు ఇబ్బంది కాలేదు.

సామాన్లు సర్దుకున్నాక ఒక సాయంత్రం ఫోన్ పట్టుకొని గదిగదికీ వీడియో తీయండి. స్టిక్కర్ల దగ్గర ఆగి తీయండి. దాన్ని మీ మెయిల్‌కు పంపించుకోండి.

ఐదో అంతస్తు:

రెండో అంతస్తుకు వరద ఎలా వస్తుంది సార్? ఇదంతా దండగ ఖర్చు. నేనైతే ఇప్పటిదాకా ఒక్క రూపాయి కట్టలేదు, ఇల్లు చెక్కు చెదరలేదు.

బెజవాడ సర్వేయర్:

రాకపోవచ్చు. మూడో అంతస్తులో వాషింగ్ మెషీన్ పైపు ఊడి, వాళ్ళు ఊళ్ళో లేక, రెండో అంతస్తు ఫాల్స్ సీలింగ్ మొత్తం కిందికొచ్చిన కేసు చూశాను. పైపు పగిలినా, ట్యాంకు పొంగినా కవర్ అవుతుంది. ఏళ్ళ తరబడి చెమ్మ ఊరి పెచ్చులూడితే మాత్రం కాదు. మీరు ఐదో అంతస్తులో ఉన్నారు కాబట్టి మీ నెత్తిన ట్యాంకే ఉండి ఉంటుంది, చూసుకోండి.

అసోసియేషన్ సెక్రటరీ:

నేను సైనిక్‌పురిలో ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీని. నీళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. అపార్ట్‌మెంట్లలో జలమండలి కనెక్షన్ సాధారణంగా మొత్తం బిల్డింగ్‌కు ఒకటే ఉంటుంది, క్యాన్ నంబరు (నీళ్ళ బిల్లు ఖాతా నంబరు) కూడా ఒకటే. మీరు కొత్తగా కనెక్షన్ తీసుకోవడమంటూ ఏమీ ఉండదు. కానీ నెలకు ఫ్లాటుకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది కదా, దానికి పనిచేసే మీటర్ ఉండాలి, ఓనర్ల ఆధార్ జోడించి ఉండాలి. పాత ఓనర్ ఆధార్ తీయించి మీది పెట్టించమని మీ సెక్రటరీని అడగండి. కొన్నిచోట్ల ఎవరూ పట్టించుకోక బిల్డింగ్ మొత్తం బిల్లు కడుతూ ఉంటుంది. ఫిర్యాదులకు 155313.

మెయింటెనెన్స్ బాకీ లేదని, కార్పస్ ఫండ్‌లో (బిల్డింగ్ పెద్ద ఖర్చులకు దాచే ఉమ్మడి నిధి) పాత ఓనర్ కట్టింది మీ ఖాతాకు మారుతుందని లెటర్ హెడ్ మీద రాయించుకోండి. మా దగ్గర పాత బాకీ కొత్త ఓనర్ నెత్తినే పడుతుంది, మొహమాటం లేకుండా అడుగుతాం.

ఇంటి పన్ను ఖాతా నంబరు, అంటే పీటీఐఎన్, కొట్టి బాకీ ఉందేమో ఆన్‌లైన్లో మీరే చూసుకోవచ్చు. బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మ్యుటేషన్ (పన్ను రికార్డుల్లో పేరు మార్పు) ఫీజు రిజిస్ట్రేషన్ అప్పుడే కట్టించుకుంటారు. కొన్నాళ్ళాగి పేరు మారిందో లేదో చూడండి. ఏటా ఆ ఏడాది పన్ను ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గుతుంది.

నెట్ సంగతి పక్క ఫ్లాట్ వాళ్ళని అడగండి, అక్కడ ఏది సరిగ్గా వస్తుందో వాళ్ళకే తెలుస్తుంది.

పాత లైన్‌మన్:

అమ్మా, మీటర్లు తారుమారైన విషయం తేలిగ్గా తీసుకోకండి. బిల్లు మీద ఆర్‌ఎండీ అని ఉంటుంది, అంటే ఒకేసారి లాగిన గరిష్ట లోడ్. 302 వాళ్ళ రెండు ఏసీల లోడ్ ఇన్నాళ్ళూ మీ సర్వీసు నంబరు మీద నమోదవుతోంది. కాంట్రాక్టెడ్ లోడ్ (ఆ కనెక్షన్‌కు మంజూరైన లోడ్) దాటిందని నోటీసు వస్తే మీకే వస్తుంది. డిపాజిట్ పెంచమన్నా మిమ్మల్నే అంటారు.

ఇలాంటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో వైర్లు మార్పించేసుకోవడం చాలామంది చేసే పని. అలా చేయొద్దు. రెండు ఫ్లాట్ల వాళ్ళూ కలిసి మీ ఏరియా కరెంటు ఆఫీసులో సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి, రెండు బిల్లుల జిరాక్సులూ జత చేయండి. వాళ్ళు వచ్చి చూసి సరిచేస్తారు. ఆ తర్వాతే పేరు మార్పుకు వెళ్ళండి. మీ రెండు ఏసీలకు, గీజర్‌కు లోడ్ పెంచుకోవడం కూడా అప్పుడే పెట్టుకోవచ్చు. గీజర్ ఒక్కటే 2 కిలోవాట్లు లాగుతుంది. మామూలు వాడకం ఉన్న ఇళ్ళకు ఫిక్స్‌డ్ ఛార్జి కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలే, దానికి భయపడి లోడ్ తక్కువ చూపించకండి. బాత్రూమ్ లైన్‌కు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి. పాత అపార్ట్‌మెంట్ బోర్డులో ఉండే అవకాశం తక్కువ.

హన్మకొండ ఆడబిడ్డ:

302 ఆంటీ దగ్గరికి వెళ్ళొచ్చాను. "ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ లేదు కదమ్మా, ఇప్పుడెందుకు కదిలించడం" అన్నారు. ఎందుకుంటుంది ఇబ్బంది, రెండు ఏసీలు వేసుకొని ఏసీ లేని ఇంటి బిల్లు కడుతుంటే! ఓనర్ అంకుల్‌కు చెప్తే ఆయన మొహం చూడాలి. పాత బిల్లుల ఫైలు తీసుకొని పైకి వెళ్ళారు, ఇంకా దిగిరాలేదు.

ఆంటీ సంతకం పెట్టకపోతే మేం ఒక్కళ్ళమే ఏఈకి ఇవ్వొచ్చా?

పాత లైన్‌మన్:

ఇవ్వొచ్చు. ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి దరఖాస్తు ఓనర్ పేరుతోనే, ఆయన సంతకంతోనే ఇవ్వండి. బుధవారం కాదు, రేపే. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకొని మీ దగ్గర పెట్టుకోండి. పాత బిల్లుల తేడా ఆయనకూ ఆవిడకూ మధ్య, మీరు అందులో తలదూర్చకండి.